వికటకవిని కాదన్న ల్యాబు ప్రోగ్రాం: పైథాన్ పాఠం చెప్పేవారికి బహిరంగ లేఖ

ఇంజినీరింగ్ కాలేజీల్లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెప్పే సార్లకు, మేడమ్‌లకు, ల్యాబు మాన్యువళ్లు తయారుచేసే కమిటీలవారికి

నమస్కారం.

ముందుగా ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. మీ ల్యాబులో ఏ సిస్టమ్ మీదైనా సరే, రెండు నిమిషాల పని. మొదటి సంవత్సరం మాన్యువల్లో పాలిండ్రోమ్ ప్రోగ్రాం ఉంటుంది కదా, ఎటు నుంచి చదివినా ఒకటేనా అని తేల్చడానికి పదాన్ని తిరగేసి అసలు పదంతో పోల్చేది. దానికి మనం ఎప్పుడూ మేడమ్, మలయాళం అనే పదాలు ఇంగ్లిషు స్పెల్లింగులో ఇస్తుంటాం. అవునంటుంది. ఈసారి తెలుగులోనే వికటకవి అని టైపు చేసి ఇవ్వండి. కాదంటుంది.

తెనాలి రామకృష్ణుడి బిరుదు ఎటు నుంచి చదివినా ఒకటేనని బడి పిల్లలకు కూడా తెలుసు. మన కంటికి అందులో ఉన్నవి ఐదు అక్షరాలు. పైథాన్ లెక్కలో ఏడు: వ, గుడి, క, ట, క, వ, గుడి. తిరగేసేసరికి చివరి గుడి పట్టుకోవడానికి అక్షరం లేకుండా ముందుకొచ్చి నిలబడుతుంది. పోలిక తప్పుతుంది. ప్రోగ్రాం రాసిన విద్యార్థి తప్పేమీ చేయలేదు. ఇన్‌బిల్ట్‌గా, అంటే భాషలోనే సిద్ధంగా, ఉన్నదే వాడాడు.

ఈ "ఇన్‌బిల్ట్" అనే మాట గురించే మీకు రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను, అందులో ఎక్కువ భాగం తెలుగు పాఠ్యంతోనే. ఏటా కొత్తగా కాలేజీ నుంచి వచ్చే పిల్లలను ఇంటర్వ్యూ చేస్తుంటాను. ఫలానా మాడ్యూల్ (సిద్ధంగా రాసిపెట్టిన కోడ్ మూట) ఎందుకు వాడావమ్మా అని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది చెప్పే జవాబు ఒకటే: "ఇన్‌బిల్ట్‌గా ఉంది కాబట్టి సార్." అక్కడితో ప్రశ్న అయిపోయినట్టే వాళ్లకు. ఇలాంటి మాడ్యూళ్లన్నీ ఉండే స్టాండర్డ్ లైబ్రరీలోని స్టాండర్డ్ అనే మాటను వాళ్లు ఐఎస్ఐ మార్కులాగా చదువుకుంటున్నారు. ఎవరో పరీక్షించి, ఇది మేలైనదని ముద్ర వేశారనుకుంటున్నారు. నిజానికి ఆ మాటకు అర్థం అది కాదు. భాషతోపాటు డబ్బాలో వస్తుంది, అంతే.

మూడేళ్ల కిందట మా దగ్గరకు ఒక పని వచ్చింది. పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి, పాఠ్యంగా మార్చి, ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీయాలి. అప్పుడే చేరిన కుర్రాడికి అప్పజెప్పాను. మంచి మార్కులతో వచ్చినవాడు, చురుకైనవాడు. పూట గడవకముందే రాసేశాడు. కాలేజీలో నేర్చుకున్నట్టే పాఠ్యంలో నమూనాలు వెతికే ఆర్‌ఈ మాడ్యూల్ ఇంపోర్ట్ చేసి, బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ (పదంలో భాగమైన అక్షరాల వరస అని చెప్పే గుర్తు) పెట్టి పదాలు విడగొట్టాడు. ఎర్రర్ ఏమీ రాలేదు. ఎక్సెల్ షీటు పంపాడు. తెరిచి చూస్తే మొదటి వరసల్లో ఉన్నవి క, ర, వ, త, న. పదాల జాబితా కాదది, కలగాపులగంగా కలిపిన అక్షరమాల.

"పాత తెలుగు ఇలాగే ఉండేదేమో అనుకున్నా సార్" అన్నాడు పాపం.

ఇద్దరం కూర్చుని ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే వేసి చూశాం. విజయవాడ మూడు ముక్కలైంది: వ, జయవ, డ. వరంగల్ రెండు: వర, గల. తెలంగాణ అని ఇస్తే త, ల, గ, ణ అని నాలుగు. గుంటూరు గ, ట, ర అయిపోయింది. మేం వేసినవాటిలో చెక్కుచెదరకుండా బయటపడింది కడప ఒక్కటే. ఎందుకంటే అందులో గుడి లేదు, కొమ్ము లేదు, సున్నా లేదు, అన్నీ తలకట్టు అక్షరాలే. ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో హల్లులు, అచ్చులు అక్షరాల వర్గంలో ఉంటాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా వేరే గుర్తుల వర్గంలో ఉంటాయి. పదంలో భాగం అంటే ఏమిటో తేల్చేటప్పుడు ఆర్‌ఈ మాడ్యూల్ అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను లోపలికి రానిస్తుంది, ఈ గుర్తులను గుమ్మంలోనే ఆపేస్తుంది.

అన్నీ అక్షరాలేనా అని చూసే ఈజ్‌ఆల్ఫా అనే మెథడ్‌ది కూడా ఇదే కథ. మొన్న ఒక అమ్మాయి తన ఫైనలియర్ ప్రాజెక్టు చూపించింది. పేరు గడిలో అక్షరాలు తప్ప ఇంకేమీ పడకుండా ఈజ్‌ఆల్ఫాతో చెక్ పెట్టింది. తెలుగులో కూడా పేరు ఇవ్వొచ్చా అని అడిగాను. ముందు పెట్టాను సార్, నా పేరే తీసుకోలేదు, అందుకే ఇంగ్లిషు ఒక్కటే ఉంచానంది. అక్కడే వేసి చూశాం. కమలకు ప్రవేశం దొరికింది, సీతకు దొరకలేదు. తప్పు తెలుగుదేననుకుందా అమ్మాయి. నాకు బాధ కలిగించింది అదే. నాలుగేళ్ల చదువులో ఒక్కసారైనా ఎవరైనా "ఆ మెథడ్‌కే మన గుణింతం తెలియదు" అని చెప్పి ఉంటే ఇంకోలా ఆలోచించేది.

విచిత్రం ఏమిటంటే, అదే పైథాన్ 3లో విజయవాడ అని వేరియబుల్‌కు పేరు పెట్టుకోవచ్చు. ఇంటర్‌ప్రెటర్ కిక్కురుమనదు. భాష ఒప్పుకున్న పదాన్ని భాషతో వచ్చిన లైబ్రరీ మూడు ముక్కలు చేస్తుందన్నమాట.

ఇది ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు. ఆర్‌ఈ మాడ్యూల్‌లోని ఈ లోపం పైథాన్ బగ్ ట్రాకర్లో (లోపాల చిట్టాలో) 2007లోనే నమోదైంది. 3.13 వెర్షన్‌లో వేసి చూసినా విజయవాడ ఇంకా మూడు ముక్కలే. బయట రెజెక్స్ అనే లైబ్రరీ ఉంది. ప్యాకేజీలు దించే పిప్‌తో వేసుకుని, ఇంపోర్ట్ లైనులో పేరు మారిస్తే చాలు, మిగతా కోడ్ అలాగే ఉంచి విజయవాడ విజయవాడగానే వస్తుంది. బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ వాడితే వికటకవిని ఐదు అక్షరాలుగా విడగొట్టి ఇస్తుంది, తిరగేస్తే పాలిండ్రోమే అంటుంది. ఆ లైబ్రరీని స్టాండర్డ్ లైబ్రరీలోకి తేవాలన్న ప్రతిపాదన కూడా ఒకప్పుడు నడిచింది. రాలేదు. రాకపోవడమే దానికి మేలైందని నా అభిప్రాయం.

ఎందుకంటే లోపలికి వచ్చిందంటే కదలిక ఆగిపోతుంది. ఇది పైథాన్ కట్టేవాళ్ల సోమరితనం కాదు. ప్రపంచంలో ఎన్ని లక్షల ప్రోగ్రాములు ఆ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ మీద ఆధారపడి ఉన్నాయో ఎవరికీ లెక్క తెలియదు. ఇవాళ దాని అర్థం సరిచేస్తే రేపు ఎక్కడో ఒక బ్యాంకులో, ఎక్కడో ఒక ఆస్పత్రిలో ఫలితం మారుతుంది. పాత కోడ్ చెడకూడదన్న మాట ఇచ్చారు కాబట్టి పాత తప్పునూ కాపాడాల్సి వస్తుంది. స్టాండర్డ్ లైబ్రరీ మీద మనకున్న నమ్మకానికీ, అది మారలేకపోవడానికీ కారణం ఈ ఒక్క మాటే.

ఇక రెండో సంగతి, క్యాలెండరు. పైథాన్ కొత్త వెర్షన్ ఏడాదికి ఒకసారి అక్టోబరులో వస్తుంది. స్టాండర్డ్ లైబ్రరీలో కొత్తగా ఏది చేరాలన్నా ఆ బండి ఎక్కాలి. ఆ తర్వాత మీ ల్యాబులో వెర్షన్ ఎప్పుడు మారుతుందో మీకే తెలియాలి. నకార పొల్లు సంగతే చూడండి. పాత పుస్తకాల్లో పదం చివర కనిపించే ఈ అక్షరానికి యూనికోడ్ 14లో, అంటే 2021లో చోటు దొరికింది. పైథాన్ 3.10లో ఉన్నది యూనికోడ్ 13 సమాచారం. కాబట్టి ఆ వెర్షన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌ను అడిగితే ఈ అక్షరానికి పేరే లేదంటుంది. 3.11కి మారితేనే ఉందంటుంది. ఒక్క అక్షరాన్ని గుర్తించడానికి మొత్తం భాషనే అప్‌గ్రేడ్ చేయాలి. బయటి లైబ్రరీ అయితే అదొక్కటే అప్‌డేట్ చేసుకుంటాం. స్త్రీ లాంటి సంయుక్తాక్షరాలను ఒకే అక్షరంగా లెక్కపెట్టే నియమం యూనికోడ్‌లోకి 2023లో వచ్చింది. అంటే ఇంకా కదులుతున్న సంగతులివి. కదిలేదాన్ని కదలనిదాని లోపల పెడితే ఇలాగే ఉంటుంది.

తేదీల గోల ఇంకొకటి. డేట్‌టైమ్ మాడ్యూల్‌లో ఐఎస్ఓ పద్ధతి (ఏడాది, నెల, రోజు వరసలో రాసే) తేదీని చదివే ఫంక్షన్ 3.7లో, 2018లో వచ్చింది. ప్రపంచంలో సగం ఏపీఐలు (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారులు) యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక, సమయాన్ని చివర జెడ్ అక్షరం పెట్టి పంపుతాయి. ఆ ఒక్క జెడ్‌ను ఒప్పుకోవడానికి ఆ ఫంక్షన్‌కు 3.11 దాకా, అంటే 2022 దాకా పట్టింది. ఇప్పటి యూటీసీ సమయం చెప్పే యూటీసీనౌ ఫంక్షన్ అయితే మరీ ఘోరం. అది ఇచ్చే సమయానికి తాను యూటీసీనన్న స్పృహ ఉండదు. దాన్ని టైమ్‌స్టాంపుగా మారిస్తే మన దేశపు టైమ్‌జోన్‌లో ఉన్న సిస్టమ్ అది ఇక్కడి సమయమేననుకుంటుంది. మధ్యాహ్నం 2 గంటలకు పెట్టిన ఆర్డరు పొద్దున 8.30కి పెట్టినట్టు నమోదవుతుంది. మేం ఈ ఐదున్నర గంటల తేడా కోసం ఒక రాత్రంతా వెతికాం. 3.12 నుంచి ఆ ఫంక్షన్ వాడొద్దని హెచ్చరిక వస్తోంది. కానీ నెట్‌లో, పుస్తకాల్లో, మన మాన్యువళ్లలో అది అలాగే ఉంది.

మీ మినీ ప్రాజెక్టుల్లో నూటికి తొంభై ఓటీపీ ప్రాజెక్టులు ర్యాండమ్ మాడ్యూల్‌తోనే నడుస్తాయని పందెం కాస్తాను. ఆ మాడ్యూల్ వెనక ఉన్నది మెర్సెన్ ట్విస్టర్. సిమ్యులేషన్లకు భేషైన పద్ధతి, రహస్యాలకు పనికిరాదు. అది పుట్టించే 32 బిట్ల సంఖ్యలు వరసగా 624 చూసినవాడు 625వది ఏమిటో చెప్పేయగలడు. భద్రతకు వాడొద్దని డాక్యుమెంటేషన్లోనే రాశారు. ఓటీపీ కోసం సీక్రెట్స్ అనే మాడ్యూల్ 3.6లో వచ్చింది, అదీ స్టాండర్డ్ లైబ్రరీలోదే. కానీ ర్యాండమ్ అనే మంచి పేరు పాతదాని దగ్గర ఉండిపోయింది. పిల్లలు పేరు చూసి వెళ్లి దాన్నే పట్టుకుంటారు. ముందొచ్చినవాడు మంచి పేరు పట్టుకుపోవడం అనే నష్టం గురించి ఏ సిలబస్‌లోనూ చూడలేదు నేను.

విండోస్ మీద తెలుగు ఫైలు రాయబోతే వచ్చే ఆ చార్‌మ్యాప్ ఎర్రర్ గురించి వేరే చెప్పక్కర్లేదు, మీ ల్యాబులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరికి వచ్చే ఉంటుంది. ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని మనమే రాయాలి. రాయకపోయినా అదే తీసుకునేలా 3.15 నుంచి మార్చాలని నిర్ణయించారు. పైథాన్ 3 వచ్చింది 2008లో.

పైథాన్‌ను పరిచయం చేసేటప్పుడు "బ్యాటరీలతో సహా వస్తుంది" అని, అంటే కావలసిన సరంజామా లోపలే ఉందని, చెబుతాం కదా. నేనూ అలాగే నేర్చుకున్నాను. మా ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడే టార్చిలైటు ఒకటి ఉండేది. వేసవి అంతా అటక మీద పడేసి, వానాకాలంలో దించి మూత తిప్పితే లోపల సెల్స్ కారిపోయి, స్ప్రింగుకు పచ్చగా చిలుము పట్టి ఉండేది. 2019లో పైథాన్ లాంగ్వేజ్ సమ్మిట్‌లో అంబర్ బ్రౌన్ సరిగ్గా ఈ మాటే అన్నారు: బ్యాటరీలు ఉన్నాయి సరే, అవి కారుతున్నాయని. అదే ఏడాది క్రిస్టియన్ హైమ్స్ పెప్ 594 అనే ప్రతిపాదన తెచ్చారు, చచ్చిన బ్యాటరీలను తీసేద్దామని. చివరికి 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో 19 మాడ్యూళ్లు మాయమయ్యాయి. వెబ్ ఫారాలు చదివే సీజీఐ, టెల్నెట్‌లిబ్, క్రిప్ట్ లాంటివి. దానికి ముందు ఏడాది 3.12లో డిస్ట్‌యుటిల్స్ పోయింది.

చూడండి మరి. "బయటి లైబ్రరీ అయితే రేపు ఉంటుందో ఉండదో, ఇన్‌బిల్ట్ అయితే ఎప్పటికీ ఉంటుంది" అని కదా మనం చెప్పేది. మా పాత క్లయింటు ఒకాయన సర్వర్ అప్‌గ్రేడ్ చేయించుకుని, పొద్దున్నే ఫోన్ చేశాడు, ఫారాలన్నీ ఆగిపోయాయని. పదిహేనేళ్ల కిందటి కోడ్, మొదటి లైనులోనే ఇంపోర్ట్ సీజీఐ. అందులో బయటి లైబ్రరీ ఒక్కటి కూడా లేదు. రాసినాయన జాగ్రత్తపరుడే, ఇన్‌బిల్ట్ తప్ప ముట్టుకోలేదు.

హెచ్‌టీటీపీ కాల్ చేయడానికి, అంటే వెబ్ నుంచి సమాచారం తెప్పించుకోవడానికి, అర్ల్‌లిబ్ నేర్పుతారు మీరు. అర్ల్‌లిబ్ రిక్వెస్ట్ డాక్యుమెంటేషన్ పేజీ తెరిచి చూడండి, సులువుగా కావాలంటే రిక్వెస్ట్స్ ప్యాకేజీ వాడమని అక్కడే సిఫారసు ఉంది. ఆ రిక్వెస్ట్స్ వాళ్లేమో స్టాండర్డ్ లైబ్రరీలోకి వెళ్లకూడదని నిర్ణయించుకుని బయటే ఉండిపోయారు. ఇంటి యజమానే పక్కింట్లో భోజనం బాగుంటుందని చెబుతుంటే మనం ఇక్కడే పస్తులుండాలని పట్టుబడుతున్నాం.

బయటిదంతా బంగారమని అనడం లేదు, అపార్థం చేసుకోకండి. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గిడ్డంగి ఎన్‌పీఎంలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన కోపంతో తీసేస్తే ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి. 2021 డిసెంబరులో లాగ్4జే అనే జావా లైబ్రరీలో బయటపడ్డ భద్రతా లోపం దెబ్బకు సెలవుల్లో కూర్చుని ప్యాచ్‌లు వేసినవాళ్లలో మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు, అదీ బయటి లైబ్రరీయే. పిప్‌లో ఒక అక్షరం తప్పు కొడితే దొంగ ప్యాకేజీ దిగే ప్రమాదం నిజంగానే ఉంది. ల్యాబుల్లో నెట్ ఆపేసి పరీక్ష పెట్టాల్సిన ఇబ్బందీ నాకు తెలుసు. నేను కూడా జేసన్ చదవాలంటే, ఫైలు దారులు కలపాలంటే, ఐటర్‌టూల్స్ అవసరమైతే మరో ఆలోచన లేకుండా ఇన్‌బిల్ట్‌వే వాడతాను. అవి నిలకడగా ఉండాల్సినవి, ఉన్నాయి కూడా. మారని పనికి మారనిది బాగుంటుంది. తెలుగు పాఠ్యం, టైమ్‌జోన్లు, నెట్‌వర్కు, భద్రత ఆ కోవలోవి కావు.

మీలో కొందరికి ఇది కొత్త కాదని నాకు తెలుసు. నేను చదివిన కాలేజీలో నీలం తెర టర్బో సీ మీద ఎంత పొడవుందో చూసుకోకుండా చదివేసే గెట్స్ ఫంక్షన్‌తో పేరు చదివించేవారు. సిలబస్‌లో ఉంది, స్టాండర్డ్ లైబ్రరీలో ఉంది, ఇంకేం కావాలి? 1988లో మోరిస్ వర్మ్ (నెట్‌లో తనంతట తాను పాకిన ప్రోగ్రాం) ఫింగర్ సర్వర్లోకి దూరింది ఆ గెట్స్ సందులోంచేనని మాకెవరూ చెప్పలేదు. 2011 నాటి సీ భాష ప్రమాణం నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. ఆ తర్వాత ఎన్నేళ్లు మన రికార్డు పుస్తకాల్లో గెట్స్ రాయించారో మీకే బాగా తెలుసు. (క్లియర్‌స్క్రీన్ కోసం వాడిన కోనియో హెడర్ అసలు స్టాండర్డే కాదు. దాన్ని మాత్రం ఎవరూ బయటిదనలేదు!)

కాబట్టి నేను అడిగేవి పెద్దవేమీ కావు. వచ్చే విద్యా సంవత్సరం మాన్యువల్ ప్రింటుకు వెళ్లేలోపు పాలిండ్రోమ్ ప్రోగ్రాం కింద టెస్టు కేసుల్లో వికటకవిని కూడా చేర్చండి. ప్రోగ్రాం ఫెయిలవుతుంది, అవ్వనివ్వండి. ఎందుకు ఫెయిలైందో రాసినవాడికి మార్కులివ్వండి. పదాలు లెక్కపెట్టే ప్రోగ్రాంకు ఇంగ్లిషు పేరాతోపాటు ఒక తెలుగు పేరా ఇవ్వండి. ల్యాబు సిస్టముల్లో రెజెక్స్, రిక్వెస్ట్స్ ఒకసారి దించి పెడితే పరీక్షలో నెట్ అక్కర్లేదు. వెర్షన్ నంబరు రాసి అంటించండి చాలు, పిల్లలకు వెర్షన్ పిన్ చేయడమూ (ఒకే వెర్షన్‌కు కట్టుబడటమూ) అక్కడే అలవాటవుతుంది. "బయటి లైబ్రరీ వాడితే మార్కులు కట్" అనే వాక్యం తీసేసి, ఎందుకు వాడారో రెండు లైన్లు రాయమనండి. ఇన్‌బిల్ట్ వాడినా అదే రెండు లైన్లు రాయమనండి.

వైవాలో ఒక్క ప్రశ్న కలపండి: ఈ మాడ్యూల్ దేనికి పనికిరాదు? డాక్యుమెంటేషన్లో ఎర్రగా పెట్టిన హెచ్చరిక గడులను పిల్లలు మొదటిసారి చదివేది అప్పుడే.

టెస్టు కేసుల కోసం నేను ఒక తెలుగు పదాల జాబితా తయారుచేసి ఉంచాను. పొల్లులు, సున్నాలు, ఒత్తుల మీద ఒత్తులు, నకార పొల్లు, అన్నీ కలిపి నలభై పదాలు. అడిగిన కాలేజీకల్లా పంపుతాను. పిలిస్తే ఒక పూట వచ్చి ల్యాబులో పిల్లలతో కూర్చుంటాను, దారి ఖర్చులు కూడా అక్కర్లేదు. జాబితాలో మొదటి పదం కడప. అది పాసవుతుంది, పిల్లలు కంగారుపడకుండా.

ఇట్లు,
మీ దగ్గర చదువుకుని, మీ పిల్లలను ఇంటర్వ్యూ చేస్తున్న ఒక ప్రోగ్రామర్